కూర్చోవడానికి చందా

ఉద్యోగం మానేసిన సంగతి మా వాళ్ళకు చెప్పకపోవడం నేను చేసిన తెలివైన పని అనుకున్నాను. కొన్ని నెలల పాటు అది తెలివైన పనిగానే నడిచింది.

నాకు నలభై నాలుగేళ్ళు. నైరోబీలో ఒక బీమా కంపెనీలో చదువైన దగ్గర్నుంచీ పనిచేశాను. చెయ్యి పోతే ఎంత, కాలు పోతే ఎంత, మనిషే పోతే ఎంత అని తేల్చే విభాగానికి చివర్లో నేనే పెద్దను. ఊళ్ళో వాళ్ళ లెక్కలన్నీ వేసీ వేసీ ఒకరోజు నా లెక్క కూడా వేసుకున్నాను. ఎంత ఉంటే నాకు చాలు? జవాబు దొరికాక పళ్ళు బిగించి పన్నెండేళ్ళు దాని వెనకే పడ్డాను. కారు కొనలేదు. రెండు గదుల ఇల్లు మారలేదు. ఆఫీసుకు మటాటులో, అంటే జనాన్ని కుక్కి తిప్పే వ్యానులో, నిలబడి వెళ్ళేదాన్ని. నా కింద పనిచేసే పిల్లలు దారిలో కార్లాపి "మేడమ్, ఎక్కండి" అనేవాళ్ళు. ఎక్కేదాన్ని. అందులో సిగ్గెందుకు?

మిగిలిందంతా ప్రభుత్వ బాండ్లలో పెట్టాను. వాటి మీద వచ్చేది నా ఖర్చును దాటిన నెలలో రాజీనామా ఇచ్చేశాను. మా ఆఫీసు పెద్దాయన కాగితం చదివి, "ఎక్కడ చేరుతున్నావు?" అన్నాడు.

"ఎక్కడా లేదు. ఇంట్లో కూర్చుంటాను."

"ఒంట్లో బాలేదా?"

"శుభ్రంగా ఉంది."

 ఆయన లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి, "అసలు ఎంత ఉంటే సరిపోతుందంటావు?" అని అడిగాడు. ఆయనకు అప్పటికి యాభై ఎనిమిది.

ఇక మా వాళ్ళకు ఎందుకు చెప్పలేదంటారా? మా ఊరున్న కిసీ వైపు నెలజీతం ఉన్న మనిషి ఊరుమ్మడి బావి లాంటిది. తోడుకున్నన్నాళ్ళు తోడుకుంటారు, అడుగున ఎంత ఉందో మాత్రం ఎవరికీ తెలియకూడదు. తెలిసిందంటే మా తమ్ముడికి లారీ కావాలి, చర్చికి కొత్త కప్పు కావాలి, ఎవరి బామ్మర్దికో దుబాయ్ టికెట్ కావాలి. ఏడాది తిరిగేసరికి బాండ్లన్నీ లారీలూ రేకులూ అయిపోయి, నేను మళ్ళీ ఎవరో ఒకరి ఆఫీసు ముందు అప్లికేషన్ పట్టుకుని నిలబడాలి. నాకు చావంటే అంత భయం లేదు గానీ, ఆ వరస తలుచుకుంటే మాత్రం ఒళ్ళు జలదరించేది.

అలాగని చేతులు దులుపుకున్నదాన్ని కాదు. మా తమ్ముడు ఒసోరో పెద్దకొడుకు ఫీజు, మా పిన్నికి నెలనెలా పంపేది, ఈ రెండూ నా లెక్కలో ముందే ఉన్నాయి. అవి ఒక్క నెల కూడా ఆగలేదు. నేను మాత్రం అలారం లేకుండా నిద్ర లేస్తున్నాను. పెరట్లో డబ్బాల్లో ఆకుకూర వేశాను. ఈత నేర్చుకుంటున్నాను. నీళ్ళంటే చిన్నప్పట్నుంచీ భయం నాకు. ఈ వయసులో పదేళ్ళ పిల్లల పక్కన నల్లటి టోపీ పెట్టుకుని కాళ్ళు తపతపలాడిస్తుంటే ఎంత సుఖంగా ఉంటుందో చెప్పలేను.

మా వీధిలో గుడ్లమ్మే అతనిది మా ఊరే. అదొక్కటే నేను లెక్కలో వేసుకోలేదు.

*

ఒసోరో ఫోన్ చేసి, "శనివారం పిన్ని ఇంటి దగ్గర ప్రార్థన పెట్టాం, నువ్వు రావాల్సిందే అక్కా" అన్నాడు. పిన్ని పేరు చెబితే నేను కాదనలేను. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఒసోరోకి ఐదు. అమ్మ చెల్లెలు బోసిబోరి పిన్నిని మా ఊళ్ళోనే ఇచ్చారు, అప్పటికే భర్త పోయాడు. పరాయి తోటల్లో తేయాకు కోసి ఇద్దర్నీ పెంచింది. ఇప్పుడు అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. నేను పంపే డబ్బుతో హాయిగా కూర్చోవచ్చు. అయినా పొద్దున్నే బుట్ట వీపుకు తగిలించుకుని కూలికి వెళ్తుంది. ఎందుకు పిన్నీ అంటే, "ఒంట్లో ఓపిక ఉండగా ఇంట్లో కూర్చుంటే జనం ఏమంటారే?" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా పంపే డబ్బు ఇంకాస్త పెంచేదాన్ని.

శనివారం మధ్యాహ్నం బండి దిగి అరటితోటల మధ్య మట్టిదారిలో నడుస్తుంటే దూరం నుంచే షామియానా కనిపించింది. ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, గోలగా పాటలు. ఇంకాస్త దగ్గరికి వస్తే ద్వారం దగ్గర పెద్ద బ్యానరు, దాని మీద నా ఫొటో. కంపెనీ గుర్తింపు కార్డు మీద ఉండే ఏడుపుగొట్టు ఫొటో అది. మా వైపు మనిషి ఫొటో అంత పెద్దది చేసి కట్టేది ఒక్క సందర్భంలోనే. నిజం చెబుతున్నాను, నా చెయ్యి నేనే గిల్లుకున్నాను.

బ్యానరు కింద "కెరుబోను నిలబెడదాం" అని రాసి ఉంది.

ఒసోరో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, వచ్చేశావా! పద పద, అందరూ నీకోసమే."

"ఏంట్రా ఇది?"

"నీ హరాంబీ."

హరాంబీ అంటే ఊరంతా ఒకచోట చేరి, చందాలు వేసి, మునిగిపోతున్న మనిషిని ఒడ్డున పడెయ్యడం. ఫీజు కట్టలేని పిల్లలకు చేస్తారు, ఆపరేషన్లకు చేస్తారు, శవాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి చేస్తారు. నేను ఇలాంటివాటికి ఎన్నిటికి పంపానో నాకే గుర్తులేదు.

"నాకెందుకురా హరాంబీ?"

"ఇంకా దాస్తావేంటక్కా? గుడ్లబ్బాయి మొత్తం చెప్పాడు. మంగళవారం పొద్దున పదింటికి, లుంగీ చుట్టుకుని ఆకుకూరకి నీళ్ళు పోస్తున్నావంట. ఒకసారి కాదు, మూడు మంగళవారాలు చూశాడంట. ఉద్యోగం ఊడితే తమ్ముడికి చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకుంటావ్?" వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. "జీతం లేకుండానే మావాడి ఫీజు కట్టావు చూడు, దానికి నాకు రెండ్రోజులు అన్నం దిగలేదు. ఎక్కడ అప్పు చేశావక్కా?"

"ఒసోరో, నీకో సంగతి చెప్పాలి."

"తర్వాత చెబుదువు గానీ, ముందు ఆ చెవులవి తీసెయ్. కాస్త చితికినట్టు కనపడాలి. మధ్యలో ఒకసారి ఏడిస్తే ఇంకా మంచిది."

చెవులవి తీసి వాడి చేతిలో పెట్టాను. ఏం చేస్తాను? ఇప్పుడే నోరు విప్పితే షామియానా కూలుతుంది, నా బాండ్లూ కూలతాయి. ఇవాళ్టికి బుద్ధిగా కూర్చుని, ఎవరెవరు ఎంత ఇచ్చారో మనసులో పెట్టుకుని, తర్వాత ఏదో వంకన ఒక్కొక్కళ్ళకీ తిప్పి పంపేస్తే సరిపోతుంది. ఇంతకన్నా చిక్కుముళ్ళు ఆఫీసులో రోజూ విప్పేదాన్ని. అలా అనుకుని వెళ్ళి, నాకోసం వేసిన గుడ్డ కప్పిన కుర్చీలో కూర్చున్నాను.

ముఖ్య అతిథి మా పెదనాన్న కొడుకు మొగాకా. రోడ్డు కాంట్రాక్టులు చేస్తాడు, తేయాకు తోటలున్నాయి, వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడతాడు. పిన్ని కూలికి వెళ్ళేది ఆయన తోటకే. తెల్లకారులో వచ్చి, కారు అందరికీ కనిపించేలా పెట్టించి, మైకు అందుకుని, "మన చెల్లెలు నైరోబీలో దెబ్బతింది. దెబ్బతిన్నవాళ్ళని ఎత్తుకునేదెవరు? మనమే కదా!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ముందు చర్చి ఆడవాళ్ళు పాడుకుంటూ వచ్చారు. వాళ్ళ పెద్ద క్వంబోకా మామ్మ. ఎనభైకి దగ్గర్లో ఉంది గానీ ఆ గుంపు డబ్బంతా ఆమె ఫోన్లోనే ఉంటుంది, ఆమెను దాటి ఒక్క షిల్లింగు బయటికి పోదు. బేసిన్లో నోట్లు వేసి, పక్కన మొక్కజొన్న పిండి బస్తా దింపి, నా బుగ్గ నొక్కి, "చిక్కిపోయావే పిల్లా" అంది. నిజానికి రెండు కిలోలు పెరిగాను.

తర్వాత బొగ్గు బస్తాతో ఒకతను వచ్చాడు. నేను నర్సు చదివించిన పిల్ల మొదటి జీతం కవరుతో సహా తెచ్చి బేసిన్లో పెట్టి, నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. గుడ్లబ్బాయి రెండు అట్టల గుడ్లు తెచ్చి, "నేను చూడబట్టి సరిపోయిందమ్మా, లేకపోతే మీరు చెప్పేవాళ్ళా?" అని అందరికీ వినిపించేలా అన్నాడు. ఎప్పుడో నా దగ్గర వెయ్యి పుచ్చుకుని కనిపించకుండా తిరుగుతున్న ముసలాయన ఒకడు వచ్చి, చేతిలో వంద మడిచి పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

నాకు కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ వీళ్ళలో ఒక్కొక్కరూ నా దగ్గర ఎంత తీసుకున్నారో నాకు కంఠతా వచ్చు. ఎంత ఇవ్వగలరో ఏనాడూ అనుకోలేదు. ఒసోరో దూరం నుంచి 'భలే, అలాగే ఏడు' అన్నట్టు తలూపాడు. వాడు చెప్పినందుకు ఏడవడం లేదని వాడికెలా తెలుస్తుంది?

*

నోట్లు పడటం నెమ్మదించాక వేలం మొదలైంది. ఒక అరటిగెలో, కోడో, మేకో పెడతారు. కొన్నవాడు దాన్ని ఇంటికి పట్టుకుపోడు, తిరిగి ఇచ్చేస్తాడు. ఇంకొకడు కొంటాడు. సాయంత్రానికి ఒక్క గెల మీదే ఎద్దు ఖరీదు వస్తుంది. దీన్లో పరువులుంటాయి, పోటీలుంటాయి, వేళాకోళాలుంటాయి. ఎవరూ ఏమీ అనుకోరు. అందాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను.

పిన్ని లేచింది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేతి కింద ఎర్రకోడిని అదుముకుని ముందుకొచ్చింది. అది తన దగ్గరున్న ఒకే ఒక్క పెట్ట.  మైకు కుర్రాడి చేతికి కోడినిచ్చి, నావైపు ఒకసారి చూసి, వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

మొగాకా కోడిని అందుకుని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిన్నీ, దీని వయసెంత? నీకన్నా పెద్దదిలా ఉందే!" జనం నవ్వారు. "సరే, నేనే మొదలెడతా. రెండొందలు! ఏంటలా చూస్తారు? ఇదీ మన కెరుబో లాంటిదే. ఇన్నేళ్ళొచ్చినా ఒక్క గుడ్డూ పెట్టింది లేదు, ఇప్పుడు పని కూడా మానేసి కూర్చుంది!"

షామియానా మొత్తం గొల్లుమంది. వేళాకోళమే, నాకు తెలుసు. పెళ్ళీ పిల్లలూ లేనిదాన్ని, ఇలాంటివి ఎన్ని వినలేదు? నాకేం కాలేదు. కానీ పిన్ని తలదించుకుంది. గోళ్ళ చుట్టూ తేయాకు మరకలున్న చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది. 

"ఇరవై వేలు!" అన్నాను.

మైకు లేకుండానే చివరి వరస దాకా వినబడింది. కుర్రాడు "ఎంత?" అన్నాడు.

"ఇరవై వేలు. కోడి నాది."

మొగాకా పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎక్కణ్నుంచి తెస్తావమ్మా? మన బేసిన్లోంచే తీసి మనకే ఇస్తావా?"

నేను ఫోన్ తీశాను. అక్కడికక్కడే డబ్బు పంపాను. క్వంబోకా మామ్మ ఒళ్ళో ఫోన్ టింగుమంది. ఆమె కళ్ళజోడు సర్దుకుని, ఫోన్ దూరంగా పెట్టి, "ఇరవై వేలు. కెరుబో దగ్గర్నుంచి" అని చదివింది. "పంపే చార్జీలు కూడా తనే కట్టింది" అంది.

కోడి ఒక్కటే చప్పుడు చేస్తోంది.

ఒసోరో ముందుకొచ్చాడు. "అక్కా, ఉద్యోగం పోయినదానివి, నీ దగ్గర ఇరవై వేలెక్కడివి?"

"పోలేదురా. నేనే మానేశాను."

"మానేశావా? ఎందుకు?"

"చాలని."

"ఏం చాలని?"

"డబ్బు. నాకు బతకడానికి చాలినంత ఉంది. ఎవరూ తీసెయ్యలేదు, నేనే రాసిచ్చి వచ్చేశాను. ఆకుకూర పెంచుకుంటున్నాను, ఈత నేర్చుకుంటున్నాను. మీకు చెబితే మిగలనివ్వరని చెప్పలేదు. అంతే."

ఇంకేముంది! నలుగురు ఒకేసారి మాట్లాడారు. ఈతా, ఈతేంటి అని ఒకరు. మతి పోయిందని ఒకరు. బొగ్గు బస్తా అతను తన బస్తావైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. ఒసోరో మొహం మాత్రం ఎర్రబడింది.

"నీకు నలభై నాలుగు. ఇంకా పదహారేళ్ళ సర్వీసుంది. పదహారేళ్ళ జీతం, అక్కా! చేతులారా పారబోసి వచ్చావా? మావాడు కాలేజీకి రావాలి, చిన్నది వెనకే ఉంది. నీ ఒక్కదాని సుఖం చూసుకున్నావు. స్వార్థం కాదా ఇది?"

నాకు కోపం రాలేదు. ఈ ప్రశ్న కోసమే పన్నెండేళ్ళుగా తయారవుతున్నానేమో అనిపించింది.

"అవున్రా, స్వార్థమే. కాదని నేనెక్కడన్నాను? ఇన్నేళ్ళూ నా జీతం ఈ ఊళ్ళో బడికెళ్ళింది, ఆస్పత్రిలో పడుకుంది, నలుగురి పెళ్ళిళ్ళు చేసుకుంది. నేను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. నీ కొడుకు ఫీజు నేను కడుతున్నాను, బడి అయ్యేదాకా కడతాను, దానికి తీసి పక్కన పెట్టాను. కానీ పొద్దున లేచాక నేనెక్కడుండాలన్నది ఇక మీరు చెప్పకూడదు. అదొక్కటి నాది. నీకు లారీ కొనివ్వడానికి నేను ఇంకో పదహారేళ్ళు ఎవడికో కాళ్ళు విరిగితే ఎంతో లెక్కెయ్యను."

"లారీ అని నేనన్నానా?"

"పోయిన డిసెంబర్లో అన్నావు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఒసోరో వెనక్కి తిరిగి ఆ ఎవరో కోసం వెతికాడు. మొగాకా మైకు సర్దుకుని, "చూశారా, పట్నం చదువులు మనుషుల్ని..." అని మొదలెట్టాడు.

"అమ్మాయ్."

పిన్ని. కూర్చున్న చోటి నుంచే పిలిచింది. ఆ గొంతుకు అందరూ తగ్గారు.

"అమ్మాయ్, నాకు సరిగ్గా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు. ఎవరూ తీసెయ్యలేదు."

"లేదు పిన్నీ."

"ఒంట్లో జబ్బూ లేదు."

"లేదు."

"ఓపిక ఉంది. చేస్తే చెయ్యగలవు. అయినా చాలని వచ్చేశావు."

"అవును పిన్నీ."

ఆమె కుర్చీలో ముందుకు వంగింది. "అలా మానెయ్యొచ్చా?"

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. పిన్ని నవ్వడం లేదు. "నేననుకున్నానూ, పడిపోయేదాకా చెయ్యాలనీ, పడిపోయాక ఎవరో ఒకరు ఇంక చాల్లే అంటారనీ. ఎవరంటారా అని చూస్తున్నా. నువ్వు డబ్బులు పంపుతావు, ఒసోరో వచ్చి పలకరిస్తాడు, మొగాకా కూలి ఇస్తాడు. చాలని మాత్రం ఎవరూ అనరే."

నా వేలం, నా బాండ్లు, నా పదహారేళ్ళ వాదన, అన్నీ ఎగిరిపోయాయి. ఎంత పెద్ద లెక్కలమనిషిని నేను! ప్రతి నెలా ఈమెకు ఎంత పంపాలో పైసాతో సహా తేల్చాను. ఈమె కూడా నాలాగే ఆగాలనుకుంటోందేమో అని ఒక్కసారి అడగలేదు. పిన్నికి లేనిది డబ్బు కాదు, మానేసే అనుమతి. అది నా ఫోన్లోంచి పంపితే వచ్చేది కాదు.

నేను లేచి బేసిన్ దగ్గరికి వెళ్ళాను. "మామ్మా, ఇది నేను తీసుకోలేను. ఎవరిది వాళ్ళకిచ్చెయ్యి."

క్వంబోకా మామ్మ బేసిన్ మీద చెయ్యి వేసింది. "బేసిన్లో పడ్డది వెనక్కి పోదు. మా మొహాన కొడతావా?"

"అయితే బోసిబోరి పిన్నికివ్వు. ఇది ఆమె హరాంబీ అనుకోండి."

"దేనికి?" మొగాకా అడిగాడు. "ఆమెకేం జబ్బు చేసింది? ఇల్లు కూలిందా?"

"కూర్చోవడానికి."

"కూర్చోవడానికి చందానా! ఫీజుకి విన్నాను, చావుకి విన్నాను, చర్చి కప్పుకి విన్నాను. తిని కూర్చోవడానికి హరాంబీ ఎక్కడైనా విన్నారా?" అని జనంవైపు తిరిగాడు. కొందరు తలలూపారు కూడా. ఒక్క క్షణం నాకు భయమేసింది. వీళ్ళు ఇప్పుడు కాదంటే పిన్ని ఇక జన్మలో నోరు విప్పదు.

క్వంబోకా మామ్మ నెమ్మదిగా లేచింది.

"రేప్పొద్దున బోసిబోరి పోయిందనుకో. మనం రామా? ఈ షామియానాయే వేస్తాం, ఈ కుర్చీలే తెస్తాం, ఫొటో పెద్దది చేయించి ఆ గుంజకే కడతాం. బేసిన్ నిండుతుంది. మొగాకా, నువ్వు మేకను కూడా తెస్తావు. తెస్తావా లేదా?"

"తెస్తాను మామ్మా, తేకుండా ఉంటానా..."

"ఆ మేకేదో ఇప్పుడే తే. చూడ్డానికి తనూ ఉంటుంది." ఆమె తన ఆడవాళ్ళవైపు తిరిగింది. "ఏమర్రా?"

ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. మా దగ్గర ఓట్లు అలాగే లెక్కపెడతారు. బొగ్గు బస్తా అతను తన బస్తాను నా కుర్చీ పక్కనుంచి ఈడ్చుకెళ్ళి పిన్ని కుర్చీ పక్కన పెట్టాడు. గుడ్లబ్బాయి అట్టలు మార్చాడు. ఒకళ్ళిద్దరు మాత్రం లేచి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళు వచ్చింది నాకోసం కదా.

మొగాకా మైకు పక్కన పెట్టేసి, మామూలు గొంతుతో అడిగాడు. "అది సరే పిన్నీ, సోమవారం నా తోట ఎవరు కోస్తారు?"

"నీకు ఓటేసేవాళ్ళున్నారుగా నాయనా, వాళ్ళనడుగు" అంది పిన్ని.

ఈసారి షామియానా గొల్లుమంటే ఆమె తలెత్తుకునే ఉంది.

*

చీకటి పడకముందే నా ఫోన్ మోగడం మొదలైంది. ఒకరికి బోరుబావి, ఒకరికి కుట్టుమిషను, దుబాయ్ టికెట్ అయితే నిజంగానే వచ్చింది. అందరికీ ఒకే మాట చెప్పాను. నా దగ్గర డబ్బు లెక్కగా ఉంది, పొద్దు మాత్రం బోలెడుంది, పొద్దు కావాలంటే అడగండి అన్నాను. చాలామంది ఫోన్ పెట్టేశారు. గుడ్లబ్బాయి మాత్రం రెండోసారి చేసి, తన భార్యను నైరోబీ పెద్దాసుపత్రిలో చూపించాలనీ, తోడు వచ్చేవాళ్ళు లేరనీ అన్నాడు. వచ్చే మంగళవారం వెళ్తున్నాం. అతనికి నా మంగళవారాల సంగతి ఎలాగూ తెలుసు.

ఒసోరో ఆదివారం సాయంత్రం దాకా మాట్లాడలేదు. చీకట్లో వచ్చి, నా చెవిరింగులు చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడ్డాడు.

"నిజంగా ఈత వచ్చేసిందా?"

"మునగకుండా ఉండటం వచ్చింది."

"నువ్వు చేసింది నాకు నచ్చలేదు" అన్నాడు. గుమ్మం దిగబోతూ, "లారీ సంగతి కూడా నేనేం మర్చిపోలేదు" అని వెళ్ళిపోయాడు. తమ్ముడు తమ్ముడే. వాణ్ణి మార్చాలని నాకేం లేదు.

కోడి పిన్ని దగ్గరే ఉంది. నాది కదా, పట్టుకుపోతానంటే, "పట్నంలో దానికి ఊపిరాడదు. మేతకి డబ్బులు పంపు చాలు" అంది. ఈ ఖర్చొకటి నా లెక్కలో లేదు, కలుపుకున్నాను.

సోమవారం నేనింకా అక్కడే ఉన్నాను. తెల్లవారకముందే మెలకువ వచ్చి చూస్తే పిన్ని లేచే ఉంది. గమ్‌బూట్లు వేసుకుంది. బుట్ట గోడనుంచి తీసి, చేత్తో దులిపి, పట్టీ సరిచేసింది. నేను దుప్పట్లోంచి చూస్తున్నాను. ఆమె బుట్ట పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత ఒక బూటు విప్పింది. ఆగింది. రెండోది కూడా విప్పింది. బుట్ట బోర్లించి, దానిమీద కూర్చుంది.

బయట దారిలో కూలి ఆడవాళ్ళ మాటలు దగ్గరయ్యాయి. ఎవరో రోజూలాగే కేకేశారు.

"బోసిబోరీ! రావేం?"

"నేను రాను!"

అడుగులు ఆగాయి. "అయ్యో, ఏమైంది? ఒంట్లో బాలేదా?"

పిన్ని నావైపు తిరిగింది. చీకట్లో కూడా నవ్వు తెలిసింది.

"శుభ్రంగా ఉంది!" అని అరిచింది. "అందుకే రావట్లేదు!"